అతుకు పక్కన అతుకు

షువైఖ్‌లో మిట్టమధ్యాహ్నం
షట్టరు సగం దించుకుని పని చేస్తాం.
ఆ సగం కిందనుంచి వంగి వచ్చాడు మిషాల్
పాత స్పోర్ట్స్ బైకు తోసుకుంటూ.
వాడికంటే ఐదారేళ్ళు పెద్దదే ఉంటుంది.

తోక లేపాలట.
చూపుడువేలు కొండిలా వంచి చూపించాడు.
రెండు వేళ్ళు, కాదు కాదు, మూడు.
పక్క సందులో నలభై దీనార్లు అడిగారని చెప్తే
మా ముదీర్ ముప్పైకి ఒప్పుకుని
నా మొహం చూడకుండా టీకి పోయాడు.

చెప్పాల్సింది చెప్పాను, నాకొచ్చిన అరబీలో:
సీటు లేస్తే ఒళ్ళు ట్యాంకు మీదికి జారుతుంది,
బరువంతా మణికట్లు మొయ్యాలి,
వెనక ఇంకెవరూ కూచోలేరు.
"ఇంకెవరూ లేరులే" అన్నాడు.
దానికి జవాబు నా అరబీలో లేదు.

బ్యాటరీ విప్పాను. సీటు, రేకులు, ఇండికేటర్లు.
వైర్ల జడ పక్కకి తీసి గుడ్డ చుట్టాను.
ఒకసారి చుట్టకుండా కాల్చినందుకు
మూడు నెలలు జీతంలో కోశారు.
ఇక మిగిలింది రెండు గొట్టాలు, నడుమ అడ్డకమ్మి,
తినేసిన చేప వెన్ను.

మట్టపుబద్ద పెట్టి సుద్దతో గీశాను.
లెక్క తేలికే:
పైనుంచి దోసచీలికంత కోసి
అడుగు చర్మం తెగకుండా వదిలేసి
మెల్లగా పైకెత్తితే
కోసిన నోరు దానంతటదే మూసుకుంటుంది.

గీత దగ్గర రంగు గీకుతుంటే
నలుపు కింద ఇంకో నలుపు,
దాని కింద
చలిచీమల బారు లాంటి అతుకు.
ప్రతి ఏడో మెట్టు దగ్గరా చిన్న తడబాటు.

ఓబులేసు.

అక్కడే వాడు ఊపిరి పీల్చుకునేది.
అద్దం వెనక ఊపిరి బిగబట్టి ఏడు లెక్కపెట్టేవాడు,
ఏడు దాటితే పొగ తన్నుకొచ్చేది.
కాగితాల మీద వేలిముద్ర వేసేవాడికి
ఇనుము మీద మాత్రం చేవ్రాలు ఉండేది.
"చెయ్యి కాదురా, మోచెయ్యి నడవాల" అని
నా మోచేతిని చిమటాతో పొడిచిన పుల్లంపేట మనిషి.
క్షమాభిక్ష ఇచ్చిన ఏడు
మంచం మీద దుప్పటి మడిచినట్టే ఉంచి పోయాడు,
నాకు పన్నెండు దీనార్లు బాకీ ఉండగా.
వాడి నంబరు ఇప్పుడు
రైల్వేకోడూరు బొప్పాయి వ్యాపారి ఎత్తుతున్నాడు.
రేటు కూడా చెప్తాడు.

అతుకు తీరు చూస్తే తెలుస్తోంది,
అప్పట్లో ఎవరో ఈ తోకనే దించమన్నారు.
వెనక ఎక్కే మనిషికి కాలు అందాలనేమో.
"ముందు ఎవరిది ఇది?" అడిగాను.
జహ్రాలో కొన్నానన్నాడు, అంతే తెలుసట.

నా సుద్దగీత సరిగ్గా వాడి అతుకు మీదే ఉంది.
గ్రైండరు తిరుగుతోంది.
"అతుకు మీద అతుకు పెట్టగాకు,
ఇనుము రెండుసార్లు ఏడవదు, పగులుతాది."
చెప్పింది కూడా వాడే.
గీత తుడిచి, రెండు వేళ్ళు వెనక్కి జరిగాను.

కోశాను. ఎత్తాను. నాలుగు చుక్కలు పెట్టి
మట్టం చూసి, మళ్ళీ చూసి,
ఆర్గాన్ బుస్సుమంటుంటే మోచెయ్యి నడిపాను.
పక్కన తమలపాకంత రేకు, దన్నుకి.
చల్లారేసరికి అంచున నీలం, ఊదా,
ఎండుగడ్డి పసుపు.
నాది తిన్నగా వచ్చింది.
వాడిదే గట్టిగా ఉంది.

మిషాల్ ఎక్కి కూచున్నాడు.
చెప్పినట్టే ముందుకి జారాడు,
చెప్పినట్టే మణికట్లు బిగిశాయి,
అయినా పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.
ఒక్క డబ్బా నల్లరంగు రెండు అతుకులకీ సరిపోయింది.
ముప్పై ముదీర్ చేతిలో పెట్టి
నాకో లబన్ ప్యాకెట్టు, అర దీనారు ఇచ్చి
నాలుగో రింగురోడ్డు వైపు తిరిగాడు.
లారీల దుమ్ములో ఎర్రదీపం
మూడు వేళ్ళు ఎత్తున పోయింది.

రాత్రి గదిలో లెక్కల పుస్తకం తీసి
ఓబులేసు పేరుకెదురుగా ఉన్న పన్నెండు కొట్టేసి
పదకొండున్నర అని రాశాను.